బల్లకాలి కింద కాగితం

కలబార్ రేవులో, చేపల కోల్డ్ స్టోరేజీలో
కాగితాలు అందుకునే గుమాస్తాని.
పేరు ఎఫియోమ్. పదకొండేళ్ళుగా
చొక్కాకి ఐసు వాసన, చేతికి సిరా.

మార్చి తొమ్మిది. మధ్యాహ్నం వాన
రేకుల మీద రాళ్ళు విసురుతోంది.
ఇక్వో అని, వలలల్లే ఆవిడ వచ్చింది,
ప్లాస్టిక్ సంచీలో ఒక కాగితం, తడవకుండా.
"ఎన్సా మీకు కట్టిచ్చిన రెండు పడవల సొమ్ము
మీరింకా ఇవ్వలేదు కదా,
ఆ బాకీ ఇప్పుడు నాది. రాసిచ్చాడు.
ఇకపై అతనికి కాదు, నాకే కట్టాలి."

బాకీకి కాళ్ళుంటాయని ఆరోజే విన్నాను.
ఒకరి గుమ్మంలోంచి లేచి
ఇంకొకరి గుమ్మంలో కూర్చుంటుందట.
అప్పుపడ్డవాడి అనుమతి అక్కర్లేదట,
చెవిన పడితే చాలట.
ఆ చెవి నేనే.

మూలన పొట్టి సంతకం చేశాను.
రిజిస్టరు అలమారలో, తాళం మేనేజరు దగ్గర,
మేనేజరు భోజనానికి.
నా బల్లకి ఒక కాలు పొట్టి.
రాస్తుంటే అక్షరాలు పడవెక్కినట్టుండేవి.
ఆ పూట చేతికందిన మందపాటి కాగితం అదొక్కటే.
ఎనిమిది మడతలు.
బల్ల నిలబడింది. నేను మరిచిపోయాను.

జులైలో కోర్టు ఉత్తర్వు దిగింది.
ఎన్సా మీద డిక్రీ ఉన్న రంపపు మిల్లు ఓజోంగ్
మా దగ్గరున్న ఎన్సా సొమ్ము మీద చెయ్యి వేశాడు.
గార్నిషీ అంటే మేమేనట.
మేమెన్నడూ ఒక్క కోబో బాకీ పడని ఓజోంగ్‌కి
కట్టమంటే, ఎందుకు కట్టమో వచ్చి చెప్పాలట.
మేనేజరు రిజిస్టరు తిరగేశాడు:
"బదిలీ నోటీసా? ఏదీ రాలేదు. కట్టేద్దాం, పీడా పోతుంది."
కట్టేస్తే మా మెడ మీద కత్తి ఉండదు.
ఆవిడ వెళ్ళి ఎవర్ని అడుగుతుంది?
ఎన్సా అప్పటికే ఉలి పక్కన పడేసి
సరిహద్దు దాటాడని వినికిడి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్తే అబద్ధం.
బాగానే పట్టింది.
తెల్లారి సిరాబుడ్డి దొర్లి, తుడవడానికి వంగితే
బల్లకాలి కింద ఆవిడ పేరు
సగం కనిపించింది.

కోర్టులో మిల్లు వకీలు లేచాడు:
"ఈవిడ దావాలో ఎక్కడుంది? వాదా? ప్రతివాదా?
పేరు లేని మనిషికి నోరెందుకు?"
జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.
"సంచీ ఎవరిదో తేలకుండా
మూతి విప్పమంటారా? ఆవిణ్ణి చెప్పనీండి."

ఇక్వో లేచింది. వేళ్ళ మీద నైలాను కోసిన గీతలు.
ఏడవలేదు, దణ్ణాలు పెట్టలేదు.
"ఎన్సాకి కలప కొనడానికి డబ్బిచ్చింది నేను.
తీర్చలేక ఈ బాకీ నా పేర రాశాడు.
మార్చి తొమ్మిదినే అతని చెయ్యి దాటిపోయింది
జులైలో అతని చేతిలోంచి ఎలా లాక్కుంటారు?
అతనికి రావలసినదానికంటే కోబో ఎక్కువ అడగను.
రెండో పడవకి పగులుందని వీళ్ళు తగ్గిస్తే
ఆ తగ్గింపు నా నెత్తినే. అదీ తెలుసు."

నన్ను పిలిచారు.
"ఈ మడతలేంటి?"
"బల్లకాలి కింద పెట్టానమ్మా."
హాలంతా నవ్వింది. మిల్లు వకీలు కూడా.
ఆవిడ నవ్వలేదు.
నా సంతకం వైపు చూసింది,
వలలో తెగిన కన్ను వెతుకుతున్నట్టు.

ఉత్తర్వు ఖాయం కాలేదు, కొట్టేయనూ లేదు.
సొమ్ము కోర్టులో జమ. ఇద్దరి హక్కూ తేల్చడానికి
అక్టోబరు పద్నాలుగు.
అందాకా ఆ డబ్బు
ఐసులో పెట్టిన చేప. కుళ్ళదు, కూరకీ రాదు.

మెట్ల మీద ఆవిడ ఆగింది.
"ఈసారి ఏమిచ్చినా రెండు కాపీలు తెస్తాను.
ఒకటి నీ బల్లకి."

ఇది రాస్తుంటే బల్ల ఊగుతోంది.
అక్షరాలు వంకర పోతే
అందుకే.